ఓడిన రాత్రి ఇంటికి ఎలా రావాలి

విశాఖపట్నం,
2025 నవంబరు 16, ఆదివారం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

ఇక్కడ మేమంతా కులాసా. ఈ రోజు కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో మనవాళ్లు దక్షిణాఫ్రికా మీద 124 పరుగులు కొట్టలేక 93కే కుప్పకూలడం నువ్వూ చూసే ఉంటావు. గిల్ మెడ పట్టేసి బ్యాటింగుకే రాలేదు, సరే, మిగతావాళ్ల మెడలకేమైందో అడగకు. నేను టీవీ కట్టేసి, నీ ఇంట్లో ఈ రాత్రి ఏమవుతుందో ఊహించుకుని, కలం పట్టుకున్నాను. ఫోనులో చెప్పవచ్చు కానీ నువ్వు ప్రతి మాటకూ ‘సరే మామయ్యా, సరే మామయ్యా’ అంటావు. నాకు వరస తప్పిపోతుంది. ఉత్తరానికి నువ్వు అడ్డు రాలేవు.

ఈ నెల 2వ తేదీ అర్ధరాత్రి నువ్వు చేసిన ఫోను మా ఇంటిల్లిపాదికీ గుర్తే. మన అమ్మాయిలు ప్రపంచకప్పు గెలిచారని నువ్వు అరిచిన అరుపుకు మీ అత్తయ్య వంటింట్లోంచి వచ్చింది. వెనక నుంచి కోడలు పిల్ల నవ్వు కూడా వినిపించింది. చాలా సంతోషం. గెలిచిన రాత్రి ఎలా ఉండాలో ఎవరికీ ఎవరూ చెప్పక్కరలేదు. నేను రాస్తున్నది అక్టోబరు 9 రాత్రి గురించి.

అదే ప్రపంచకప్పులో మన అమ్మాయిలకు దక్షిణాఫ్రికాతో మన ఊళ్లో జరిగిన మ్యాచ్. మనం 251 చేశాం, వాళ్లు 81కి ఐదు వికెట్లు పోగొట్టుకున్నారు. అప్పుడు నువ్వు నా భుజం చరిచి, ‘ఇక లేద్దామా మామయ్యా, ట్రాఫిక్ తప్పుతుంది’ అన్నావు. ఆ మాటే కొంప ముంచిందని నాకు ఇప్పటికీ అనుమానం. నదీన్ డి క్లర్క్ అనే ఆవిడ 54 బంతుల్లో 84 కొట్టి, ఇంకా ఏడు బంతులుండగానే మన నోట్లో మట్టి కొట్టింది. కార్‌షెడ్ జంక్షన్ దాటేదాకా జనం మధ్య ఒకరినొకరం చూసుకోకుండా నడిచాం. పొద్దుపోయింది కదా అని నన్ను మీ ఇంట్లోనే పడుకోమన్నావు.

తలుపు తీస్తూ ఆ అమ్మాయి అడిగింది, ‘ఎంత తేడాలో పోయింది?’ అని. నువ్వు చెప్పులు విప్పుతూ, తల ఎత్తకుండానే, ‘చెప్పినా నీకు అర్థం కాదులే’ అన్నావు. రెండు ముద్దలు తిని చెయ్యి కడిగేసుకున్నావు. ఫోను పట్టుకుని బాల్కనీలోకి పోయావు. ఆ అమ్మాయి కూడా ఉదయం నుంచి ఉద్యోగం చేసి వచ్చి, మనిద్దరి కోసం వండి, తినకుండా కూర్చుంది. నాకు పెరుగు వడ్డించి, ‘ఆయనకు కొంచెం సమయం కావాలి మామయ్యగారూ, అంతే’ అని నవ్వింది.

ముందే చెబుతున్నాను, ఆమె నాతో అంతకు మించి ఒక్క మాట అనలేదు. నా మీద కోపం వస్తే రానీ, ఆమెను మాత్రం అనుమానించకు. కానీ ఆ నవ్వు నాకు కొత్త కాదు. ముప్పై ఏళ్ల కిందట అక్కయ్యపాలెంలో, రెండు గదుల అద్దె ఇంట్లో, సరిగ్గా అలాంటి నవ్వే చూశాను.

1996 మార్చి 13. మాకు పెళ్లయి నాలుగు నెలలు. అదీ ఈడెన్ గార్డెన్సే. శ్రీలంకతో ప్రపంచకప్పు సెమీఫైనల్, లక్ష్యం 252. సచిన్ 65 దగ్గర స్టంపౌట్ అయ్యేసరికి మనం రెండు వికెట్లకు 98. అక్కడి నుంచి ఎనిమిది వికెట్లకు 120. స్టాండ్లలో మంటలు పెట్టారు, సీసాలు విసిరారు. రిఫరీ మ్యాచ్‌ను శ్రీలంకకు ఇచ్చేశాడు. మన బ్యాటర్ వినోద్ కాంబ్లీ ఏడుస్తూ మైదానం దాటి వస్తున్నాడు. మీ అత్తయ్య చేతిలో గరిటెతో గుమ్మంలో నిలబడి చూస్తోంది. ఆవిడకు అప్పటికి ఓవర్‌కు ఎన్ని బంతులో కూడా తెలియదు. ‘ఆ అబ్బాయి ఎందుకు ఏడుస్తున్నాడండీ?’ అని అడిగింది.

నేనేమన్నానో ఊహించగలవు. ‘నీకు తెలియదులే, ఊరుకో.’

ఆ రాత్రి దేశమంతా టాస్ గెలిచి ఫీల్డింగ్ ఎందుకు తీసుకున్నారని, పిచ్ ఎందుకు అలా తిరిగిందని తల బద్దలు కొట్టుకుంటోంది. మా ఇంట్లో ఒక మనిషి మాత్రం ఏడుస్తున్న కుర్రాడి మొహం చూసి, అతను ఎందుకు ఏడుస్తున్నాడని అడిగింది. అంతకన్నా సరైన ప్రశ్న ఆ మ్యాచ్ గురించి నేను ఇప్పటిదాకా వినలేదు. ఆ సంగతి నాకు తెలిసి రావడానికి పదేళ్లు పట్టింది.

ఆ పదేళ్లూ మీ అత్తయ్య నేర్చుకుంటూ పోయింది. 1999లో చెన్నై టెస్టు పాకిస్తాన్‌కు 12 పరుగుల తేడాతో పోయినప్పుడు, సచిన్ నడుము నొప్పితో 136 కొట్టి అవుటయిన రోజు, ఏమీ అడగకుండా కంచం పెట్టి వెళ్లిపోయింది. 2003 ప్రపంచకప్పు ఫైనల్ నాటికి ఇంకా మెరుగుపడింది. పిల్లలిద్దరినీ తీసుకుని అనకాపల్లి పుట్టింటికి పోయింది. ఆస్ట్రేలియా పాంటింగ్ మనల్ని చితకబాదుతున్నంతసేపూ నేను ఇంట్లో ఒంటరిగా, ఎంత హాయిగా ఉందో అనుకున్నాను. పెద్ద మ్యాచ్ వచ్చినప్పుడల్లా అనకాపల్లిలో ఎవరికో ఒంట్లో బాగుండకపోవడం ఏమిటని నాకు ఒక్కసారి కూడా తట్టలేదు! ఆఫీసులో ఒక్క రూపాయి తేడా వస్తే సాయంత్రం ఆరు దాకా కూర్చుని పట్టుకునేవాణ్ణి. ఇంటి లెక్క చూడలేదు.

ఇక అసలు విషయం. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

2006లో ఆఫీసులో నాకు రావలసిన ప్రమోషన్ నాకంటే నాలుగేళ్లు జూనియర్‌కు వెళ్లింది. ఎందుకు, ఎలా అన్నది ఇప్పుడు అనవసరం. ఆ సాయంత్రం స్కూటరు తీసుకుని నేరుగా ఇంటికి రాలేక, ఆర్కే బీచ్‌లో జలాంతర్గామి మ్యూజియం ఎదురుగా చీకటి పడేదాకా కూర్చున్నాను. ఇంటికి వెళ్లగానే ఆవిడ అడుగుతుంది, అడగగానే చెప్పేస్తాను, చెప్పేస్తే తేలికవుతుంది అనుకుంటూ వచ్చాను. దారి పొడుగునా ఏ మాటతో మొదలుపెట్టాలో కూడా అనుకున్నాను.

ఆవిడ తలుపు తీసింది. నా మొహం చూసింది. ఏమీ అడగలేదు. మంచినీళ్లు ఇచ్చింది, కంచం పెట్టింది, పిల్లల గది తలుపు దగ్గరగా వేస్తూ లోపలికి చెప్పిన మాట నాకు వినిపించింది: ‘అల్లరి చేయకండి. నాన్నగారి మ్యాచ్ పోయినట్టుంది.’

ఆ రోజు మ్యాచే లేదు.

నోరు తెరిచి చెప్పవచ్చు కదా అంటావు. ‘మ్యాచ్ కాదు’ అనడానికి రెండు మాటలు చాలు. కానీ పదేళ్ల పాటు అడగవద్దని నేర్పినవాణ్ణి నేనే. ఆవిడ అడగకపోయేసరికి నా నోరు పెగలలేదు. పదకొండు రోజులు అలాగే గడిచాయి. చివరికి ఎంవీపీ కాలనీ రైతుబజారులో మా ఆఫీసాయన భార్య ఎదురుపడి, ‘మీవారికి అలా జరగాల్సింది కాదండీ’ అని ఓదార్చిందట. మీ అత్తయ్య సంచీ నిండా కూరగాయలతో వచ్చి, సంచీ కింద పెట్టకుండానే, ‘మ్యాచ్ కాదన్నమాట’ అంది.

ఆ తరువాత వారం మా ఇంట్లో ఏం జరిగిందో రాయను. ప్రమోషన్ పోయినందుకు ఆవిడకు బాధ లేదు. రైతుబజారులో టమాటాల బండి దగ్గర పరాయి మనిషి నోట వినాల్సి వచ్చినందుకు మాత్రం నన్ను చాలాకాలం క్షమించలేదు. న్యాయమే.

అందుకే అక్టోబరు 9 రాత్రి ఆ అమ్మాయి నవ్వినప్పుడు నాకు పెరుగన్నం దిగలేదు. ఆమె నేర్చుకోవడం మొదలుపెట్టింది. ‘కొంచెం సమయం కావాలి, అంతే’ అనడం మొదటి పాఠం. అనకాపల్లి నాలుగో పాఠమో అయిదోదో. మీకు పెళ్లయి ఏడాదిన్నరే కనుక ఇంకా ఏమీ మించిపోలేదు.

ఇంతా రాశాడు కాబట్టి ‘అది కేవలం ఆట, అంత బాధ ఎందుకు’ అంటాడని భయపడకు. అలా అనేవాళ్ల మీద నాకు నమ్మకం లేదు. 1988 డిసెంబరులో ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో న్యూజిలాండ్ మీద శ్రీకాంత్ ఐదు వికెట్లు తీసి, తిరిగొచ్చి 70 కొట్టిన రోజు, ఉద్యోగం లేని ఇరవై రెండేళ్ల కుర్రాణ్ణి నేను. ఎండలో నిలబడి చూసి, ఇంటికి ఎగిరినట్టు నడిచాను. ఆ సంతోషం నిజమైతే ఈ బాధ కూడా నిజమే. బాధపడు. సింహాద్రి అప్పన్నకు మొక్కుకో, సెలెక్టర్లను తిట్టుకో. ఇంటికి వచ్చే పద్ధతి మాత్రం మార్చుకో.

మొదట, దారిలో ఆగు. స్టేడియం నుంచి గానీ, ఆఫీసు నుంచి గానీ, ఓడిన వెంటనే గుమ్మం ఎక్కకు. నాకు హనుమంతవాక దగ్గర ఒక టీ బండి ఉండేది. అక్కడ ముక్కూ మొహం తెలియనివాళ్లతో పావుగంట తిట్టుకుంటే సగం విషం దిగిపోయేది. వాళ్లకూ అదే అవసరం కనుక ఎవరూ నొచ్చుకోరు. నువ్వు కొమ్మాదిలో ఉంటావు కనుక నడిచి వెళ్లు. బండి వద్దు, కోపంలో నువ్వు హైవే మీద ఎలా నడుపుతావో నేను చూశాను.

ఫోను సంగతి. మ్యాచ్ అయ్యాక మాజీ ఆటగాళ్లు కూర్చుని చేసే శవపరీక్ష ఉదయం చూసుకోవచ్చు. అది ఎక్కడికీ పోదు. రాత్రి పూట అది చూసినవాడెవడూ శాంతంగా పడుకున్నట్టు నాకు తెలియదు.

ఇక ఆమె అడిగే ప్రశ్న. ఇక్కడే నేను ఎక్కువగా తప్పాను కనుక ఎక్కువగా రాస్తాను. ‘ఎంత తేడాలో పోయింది’ అని ఆమె అడిగింది స్కోరు కోసం కాదు. స్కోరు ఆమె ఫోనులోనూ ఉంది. మెల్బోర్న్‌లో నిరుడు డిసెంబరులో మన గాజువాక నితీశ్ 99 మీద ఉండగా బుమ్రా అవుటయ్యాడు, గుర్తుందా? ఆఖరివాడిగా సిరాజ్ వచ్చి కమిన్స్ ఓవర్లో మిగిలిన మూడు బంతులు అడ్డుకున్నాడు. ఒక్క పరుగూ చేయలేదు. తరువాతి ఓవర్లో నితీశ్ నేరుగా ఫోరు కొట్టి వంద పూర్తి చేస్తే, వాళ్ల నాన్నగారు స్టాండులో ఏడ్చేశారు. ఆ మూడు బంతులూ మనిద్దరం ఊపిరి బిగబట్టి చూశాం. ఆమె ప్రశ్న కూడా సిరాజ్ ఆడిన ఆ బంతుల్లాంటిదే. అవతలి కొసన నేనున్నాను అని చెప్పడానికి అడుగుతుంది. దానికి ‘నీకు అర్థం కాదు’ అనడం సిరాజ్‌ను నువ్వు బ్యాటింగ్ రానివాడివి, పెవిలియన్‌కు పో అనడమే.

అలాగని అడిగిందే చాలని మీద పడకు. నేను ఆ తప్పు కూడా చేశాను. 2007 మార్చిలో బంగ్లాదేశ్ చేతిలో ఓడిపోయిన మ్యాచ్ మనకు తెల్లవారుజామున ముగిసింది. అప్పటికి నేను మారిన మనిషిని కదా! మీ అత్తయ్య కాఫీ ఇస్తూ, పాపం మాటవరసకు, ‘ఏమైంది?’ అంది. నేను నలభై నిమిషాలు చెప్పాను. ఫీల్డింగ్ ఎక్కడ పెట్టాలో, ఎవరిని ఆడించాల్సింది కాదో, మధ్యలో ఎల్బీడబ్ల్యూ నిబంధన మొత్తం, అగ్గిపెట్టెలు పెట్టి మరీ. ఆవిడ ఓపిగ్గా విని, ‘ఇంతకీ మీకు బాధగా ఉందా, కోపంగా ఉందా?’ అని అడిగింది. అగ్గిపెట్టెలు తీసేశాను.

కాబట్టి రెండు మాటలు చాలు. ‘మూడు వికెట్ల తేడాలో పోయింది. గెలవాల్సింది, చాలా బాధగా ఉంది.’ తరువాత కూర్చుని అన్నం తిను. ఆకలి లేకపోయినా పెరుగన్నం తిను. కంచంలో మిగిలిన అన్నం వండినవాళ్లకు ఎలా కనిపిస్తుందో మీ అమ్మను అడుగు. లేని హుషారు నటించకు. ఒకసారి ఓడిపోయి కూడా జిలేబీ పట్టుకెళ్లాను, మీ అత్తయ్య పొట్లం విప్పకుండానే ‘ఎన్ని పరుగులతో?’ అంది. ఈ ఆడవాళ్ల దగ్గర మనకు ముసుగులు పనికిరావు.

ఆఫీసులో మర్నాటి సంగతి పెద్దగా చెప్పేదేమీ లేదు. నీ కింద పనిచేసే కుర్రాళ్ల పొరపాట్లు ఆ రోజు నీకు రెట్టింపు పెద్దవిగా కనిపిస్తాయి. మధ్యాహ్నం దాకా ఎవరి ఫైలూ వెనక్కు పంపకు.

ఇక ఒక సంగతి చెప్పి ముగిస్తాను. 2023 మార్చి 19న ఆస్ట్రేలియాతో వన్డేకు మీ అత్తయ్యను మొదటిసారి స్టేడియానికి తీసుకెళ్లాను. ఇంటి దగ్గర పులిహోర కట్టింది, లోపలికి రానివ్వరేమో అంటే గేటు బయటే తినిపించింది. రాత్రి దాకా సాగుతుందనుకున్న ఆట. మనవాళ్లు 26 ఓవర్లలో 117కు ఆలౌట్. ఆస్ట్రేలియా ఒక్క వికెట్టూ పోకుండా 11 ఓవర్లలో కొట్టి పారేసింది. అంత డబ్బు పోసి టికెట్లు కొంటే మొత్తం ముప్పై ఏడు ఓవర్ల ఆట! బయటికి వచ్చేసరికి ఇంకా పగటి వెలుగు పోలేదు. నా మొహం నీకు తెలుసు. ఆవిడ ఆటోను ఆపి, ‘రుషికొండ’ అంది. నన్ను అడగలేదు.

బీచ్‌లో మురీ మిక్చర్, అదే మరమరాల మిక్చర్, కొని, ఇసుకలో కూర్చున్నాం. చీకటి పడుతోంది. తీరానికి దూరంగా ఓడల దీపాలు వెలుగుతున్నాయి. మ్యాచ్ గురించి ఆవిడ ఏమీ అనలేదు, నేనూ అనలేదు. పొట్లం సగమయ్యాక, సముద్రం వైపే చూస్తూ, ‘అప్పుడు కలకత్తాలో ఒక అబ్బాయి ఏడ్చాడు కదండీ. ఎందుకేడ్చాడో మీరు ఇప్పటికీ చెప్పలేదు’ అంది.

ఇరవై ఏడేళ్లు, అల్లుడూ. ఆవిడ మనసులో ఆ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

అప్పుడు చెప్పాను. అతను ఇంకా క్రీజులోనే ఉన్నాడు, అవుట్ కాలేదు, ఆడనివ్వకుండానే ఆట ఆపేశారు అని. ఆవిడ కాసేపు ఆలోచించి, ‘అయితే ఏడవడూ మరి’ అంది. మిగిలిన మిక్చర్ నా చేతిలో పోసింది.

డిసెంబరు 6న దక్షిణాఫ్రికాతో వన్డే మళ్లీ మన ఊళ్లోనే. శనివారం కనుక సెలవు గొడవ లేదు. టికెట్లు అమ్మకానికి పెట్టగానే మనిద్దరికీ తీసేయాలని నువ్వు కంప్యూటర్ ముందు కూర్చుంటావని తెలుసు. నాలుగు తీసుకో. ముందు మీ ఇంట్లో అడిగి తీసుకో, రానంటే బలవంతం చేయకు. మీ అత్తయ్య మాత్రం వస్తుందట. గెలిస్తే నేరుగా ఇంటికి, ఓడితే రుషికొండకు అని ఆవిడ ఇప్పుడే తేల్చేసింది. కోడలు పిల్లకు మిక్చర్‌లో కారం ఎంత ఉండాలో కనుక్కుని రాయమంది.

నీ మామయ్య